సొంతంగా ఎల్క్ వేట: మందు దట్టించే తుపాకీతో కొలరాడో కొండల్లోకి

ముందు ఒక లెక్క వేసుకుందాం. ఎదిగిన మగ ఎల్క్, అంటే అమెరికా అడవుల్లో తిరిగే పెద్ద జింక, 300 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. తోలు, పేగులు, ఎముకలు తీసేసినా మీరు మోయాల్సిన మాంసం 80 నుంచి 100 కిలోలు మిగులుతుంది. వీపు మీద ఒక మోతకి 25 కిలోలు అనుకుంటే నాలుగు మోతలు. జంతువు పడిన చోటు నుంచి కారు 3 మైళ్లుంటే, నాలుగు సార్లు మోసుకెళ్లడం, మూడు సార్లు ఖాళీగా వెనక్కి రావడం, మొత్తం 21 మైళ్లు. అదీ 10,000 అడుగుల ఎత్తులో, కాలిబాట కూడా లేని చోట, పడిపోయిన చెట్లు దాటుకుంటూ. ఎండెక్కితే మాంసం పాడవుతుందన్న టెన్షన్ ఒకటి.

ఈ లెక్క వేయకుండా వెళ్లేవాళ్లే ఎక్కువ. నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. తుపాకీ గురించి ఆర్నెల్లు చదివాను, మాంసం మోయడం గురించి ఆరు నిమిషాలు కూడా ఆలోచించలేదు. అదృష్టమో దురదృష్టమో, ఆ ఏడాది ఏమీ దొరకలేదు. అందుకే ఈ ప్లానింగ్ అంతా మాంసం దగ్గర మొదలుపెట్టి వెనక్కి చేసుకోమంటాను. ఎక్కడ వేటాడాలి, ఎంత దూరం నడవాలి, ఎవరిని వెంట తీసుకెళ్లాలి అన్నవాటికి జవాబు ఆ 21 మైళ్లలోనే ఉంది.

మజిల్‌లోడర్ అంటే మూతిలోంచి మందు పోసి, గుండు దట్టించి, ఒక్కసారి పేల్చే తుపాకీ. మన పేపర్లలో ఎస్‌బీఎంఎల్ అని రాసేది, ఊళ్లలో నాటు తుపాకీ అనేది ఈ జాతే. ఎల్క్ మన కణుజుకి చుట్టం, ఇంకాస్త భారీ. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కణుజుని వేటాడితే జైలే. ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో, అందులోనూ కొలరాడోలో, లైసెన్సుతో చేసే వేట గురించి. అమెరికాలో ఎల్క్ ఎక్కువగా ఉన్న రాష్ట్రం అదే. పైగా నేషనల్ ఫారెస్టులు, బీఎల్ఎం అనే ఫెడరల్ సంస్థ చూసే ప్రభుత్వ భూములు విశాలంగా ఉన్నాయి, వాటిలో ఎవరైనా గైడ్ లేకుండా వేటాడొచ్చు. పక్కనే వయోమింగ్‌లో అయితే వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు రోడ్లు, బండ్లు లేని వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో పెద్ద జంతువుల్ని సొంతంగా వేటాడటం కుదరదు.

వీసా సంగతి ముందే తేల్చుకోండి

మన వాళ్లలో సగం మంది హెచ్-1బీ మీదే ఉంటారు కాబట్టి ఇది ముందు చెప్పాలి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. అయితే అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి ఆ నిషేధం వర్తించదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ ఇబ్బందే లేదు. పాతకాలపు తరహా మజిల్‌లోడర్లను ఫెడరల్ చట్టం అసలు తుపాకీగానే లెక్కపెట్టదు. కానీ గొట్టం మార్చి మామూలు రైఫిల్‌గా వాడగలిగే మోడళ్లకి ఆ వెసులుబాటు లేదు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు.

అందుకని లైసెన్స్ చేతికి వచ్చాకే తుపాకీ ముట్టుకోండి, దాని గడువు తీరనివ్వకండి, కొనేముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి. వాళ్ల ఫీజు కాస్త నొప్పే, కానీ రేపు గ్రీన్ కార్డ్ ఫైలు మీద మచ్చ పడటం కంటే నయం.

1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరైనా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి కార్డు తెచ్చుకోవాలి. ఏ రాష్ట్రంలో చేసినా కొలరాడోలో చెల్లుతుంది. డిసెంబరు, జనవరి చలిలో ఎలాగూ బయట పనేమీ ఉండదు, అప్పుడే ముగించేయండి.

డ్రా

మజిల్‌లోడర్ ఎల్క్ లైసెన్స్ షాపుకి వెళ్లి కొనుక్కునేది కాదు, లాటరీలో రావాలి. దీన్ని నడిపేది కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్, అందరూ సీపీడబ్ల్యూ అంటారు. దరఖాస్తు గడువు సాధారణంగా ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి 8 గంటలకు ముగుస్తుంది. ఫలితాలు మే చివర్లోనో జూన్ మొదట్లోనో వస్తాయి. దరఖాస్తుకి ముందు క్వాలిఫయింగ్ లైసెన్స్ అని ఒకటి కొనాలి. స్మాల్ గేమ్ లైసెన్స్ గానీ, వసంతకాలపు టర్కీ లైసెన్స్ గానీ సరిపోతుంది. కొలరాడోలో వరుసగా ఆరు నెలలు కాపురం ఉంటే మీరు స్థానికులే, అప్పుడు ఎల్క్ లైసెన్స్ వంద డాలర్లలోపే వస్తుంది. డాలస్ నుంచో ఫ్రీమాంట్ నుంచో వచ్చేవాళ్లకి మాత్రం దానికి ఎన్నో రెట్లు పడుతుంది.

రాష్ట్రాన్ని జీఎంయూలు అనే యూనిట్లుగా విడగొట్టారు. మీరు నింపాల్సింది హంట్ కోడ్. మొదటి అక్షరం జంతువు, రెండోది ఆడ, మగ, ఏదైనా అన్నది, తర్వాత మూడు అంకెలు యూనిట్, ఆపైన సీజన్, చివరి అక్షరం ఆయుధం. ఆ చివరి అక్షరం మజిల్‌లోడర్ అయితే ఎం, రైఫిల్ అయితే ఆర్. ఒక్క అక్షరం తప్పు పడితే అక్టోబరు మంచులో రైఫిల్ వేటకి లైసెన్స్ వస్తుంది. సబ్మిట్ చేసేముందు గట్టిగా చదువుకుని ఇంకోసారి చూడండి.

మొదట అడిగిన లైసెన్స్ రాని ప్రతి ఏడాదీ ఒక ప్రిఫరెన్స్ పాయింట్ జమవుతుంది, పాయింట్లు ఎక్కువున్నవాళ్లకి డ్రాలో ముందు వస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో నాలుగు ఛాయిస్‌లు ఇవ్వొచ్చు. పాయింట్లు ఖర్చయ్యేది మొదటి ఛాయిస్ వస్తేనే. కాబట్టి కొత్తవాళ్లకి నా సలహా: మొదటి ఛాయిస్‌గా పాయింట్ మాత్రమే కావాలని కోడ్ పెట్టండి, రెండో ఛాయిస్‌గా పెద్దగా పోటీ లేని యూనిట్‌లో ఆడ ఎల్క్ గానీ, ఆడ మగ ఏదైనా కొట్టొచ్చన్న లైసెన్స్ గానీ అడగండి. పాయింటూ వస్తుంది, వేటా దొరికే అవకాశం ఉంటుంది. ఏ కోడ్‌కి గత ఏడాది ఎన్ని పాయింట్లు పట్టాయో సీపీడబ్ల్యూ డ్రా రీక్యాప్ రిపోర్టుల్లో ఉంటుంది. ఐఆర్‌సీటీసీ వెయిటింగ్ లిస్టులో ఏ రైలు కన్ఫర్మ్ అవుతుందో అంచనా వేసిన అనుభవం ఉన్నవాళ్లకి ఆ టేబుళ్లు చదవడం పెద్ద కష్టం కాదు.

మొదటి వేటకే పెద్ద కొమ్ముల మగదాని మీద ఆశ పెట్టుకోకండి. ఆడ ఎల్క్ మాంసం మెత్తన, బరువు తక్కువ, గుర్తుపట్టడం సులువు. మగదానికైతే చాలా యూనిట్లలో కొమ్ములకీ నియమం ఉంది: ఒక కొమ్ముకైనా నాలుగు కొనలు ఉండాలి, లేదా నుదుటి దగ్గరి కొన కనీసం 5 అంగుళాలు ఉండాలి. పొదల్లో సగం కనబడే తలకి కొనలు లెక్కపెట్టడం మాటలు కాదు.

చోటు ఎంచుకోవడం

లైసెన్స్ వచ్చాక అసలు పని మొదలవుతుంది. సీపీడబ్ల్యూ హంటింగ్ అట్లాస్‌లో మీ యూనిట్ తెరిచి, ఎల్క్ వేసవిలో తిరిగే ప్రాంతాల పొర ఆన్ చేయండి. దాని మీద పబ్లిక్ భూమి హద్దులు చూపే యాప్ పెట్టుకోండి, ఎక్కువమంది వాడేది ఆన్‌ఎక్స్. ఫారెస్ట్ సర్వీస్ వాళ్ల మోటార్ వెహికిల్ యూజ్ మ్యాప్ కూడా దించుకోండి, ఏ రోడ్డు మీద బండి వెళ్లొచ్చో అందులోనే తెలుస్తుంది. ఈ మూడూ కలిపి చూస్తే సగం అడవిని ఇంట్లో కూర్చునే కొట్టేయొచ్చు.

రోడ్డుకి అర మైలు లోపల జనం ఎక్కువ. మూడు మైళ్లు దాటితే జనం తగ్గుతారు కానీ మన 21 మైళ్ల లెక్క మొదలవుతుంది. నేను వెతికేది రోడ్డుకి మైలు నుంచి మైలున్నర లోపే ఉండి, నడవడానికి విసుగు పుట్టించే చోట్లు. నిటారు వాలు ఎక్కాలి, వాగు దాటాలి, పడిన చెట్లలోంచి దూరాలి అంటే చాలామంది అక్కడికి రారు. ఎల్క్ వస్తాయి. ఇంకొక సంగతి, పోయేటప్పుడు ఎక్కుడు ఉన్న చోటు ఎంచుకోండి, మాంసం మోసుకొచ్చేటప్పుడు దిగుడు అవుతుంది. దానికి వ్యతిరేకంగా లోయలోకి దిగి కొట్టినవాడు రెండోసారి ఆ తప్పు చేయడు.

వైల్డర్‌నెస్ ప్రాంతమైతే అక్కడ చక్రాలున్నదేదీ నిషేధమే. మాంసం మోసే చేతిబండి కూడా తీసుకెళ్లకూడదు. వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లో ఫ్లాట్ టాప్స్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఎల్క్‌కి పేరున్న చోటే, కానీ లోపలికి పోతే కాళ్లో గుర్రాలో తప్ప దిక్కులేదు. అనుమతి ఉన్న గుర్రాల వాళ్లతో ముందే బేరం కుదుర్చుకోవచ్చు.

ఆగస్టులో ఒక శని, ఆదివారాలు పెట్టుకుని వెళ్లి చూసి రండి. బురదగుంటల్లో దొర్లిన గుర్తులు, కొమ్ములతో రాసి బెరడు ఊడిన చెట్లు, తాజా పెంటికలు, గోశాల లాంటి వాసన, ఇవన్నీ ఉన్నాయా చూడాలి. ఉత్తరం వైపు వాలుల్లో దట్టమైన చెట్ల కింద పగలు పడుకుంటాయి, పొద్దుగూకాక పచ్చికలోకి వస్తాయి. ఒక చోటు కాదు, కనీసం మూడు చోట్లు ఎంచుకుని యాప్‌లో గుర్తు పెట్టుకోండి. మొదటి చోట అప్పటికే నాలుగు ట్రక్కులు నిలబెట్టి ఉండటం ఖాయం.

తుపాకీ, మందు

కొలరాడో రూల్స్ మిగతా చాలా రాష్ట్రాల కంటే కఠినం. ఎల్క్‌కి .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం) తగ్గకూడదు. స్కోప్ ఉండకూడదు, ఐరన్ సైట్లు, అంటే అద్దాలు లేని గురి గుర్తులు మాత్రమే, వాటి మీద మెరిసే ఫైబర్ చుక్కలు ఉండొచ్చు. మందు పొడిగానే ఉండాలి, బిళ్లలుగా నొక్కిన పెల్లెట్లు కుదరవు. గుండుకి ప్లాస్టిక్ తొడుగు, అంటే సాబో, కుదరదు. గుండు పొడవు దాని వ్యాసానికి రెట్టింపు దాటకూడదు. స్మోక్‌లెస్ పౌడర్, అంటే ఇప్పటి తూటాల్లో వాడే పొగ రాని మందు, నిషేధం. వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడి కిట్ అరువు తెచ్చుకుంటే వీటిలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది, చూసుకోండి.

స్మోక్‌లెస్ పౌడర్ సంగతి చట్టం కోసం మాత్రమే కాదు. మామూలు మజిల్‌లోడర్‌లో అది పోస్తే గొట్టం పగిలి చెయ్యి పోతుంది. బ్లాక్ పౌడర్ గానీ, దానికి బదులుగా అమ్మే సబ్‌స్టిట్యూట్ గానీ, తుపాకీ కంపెనీ పుస్తకంలో రాసినదే వాడాలి. కొలతల దగ్గర మన వాళ్లు తడబడే చోటు ఒకటుంది: గ్రెయిన్ వేరు, గ్రాము వేరు. 100 గ్రెయిన్లంటే ఆరున్నర గ్రాములే. పైగా సబ్‌స్టిట్యూట్‌ని తూకం వేసి కాదు, పౌడర్ మెజర్ గొట్టంతో కొలిచి పోయాలి.

దట్టించే వరుస ఎప్పుడూ మారకూడదు. మందు, దాని మీద గుండు, ఆఖరున మాత్రమే మందుని అంటించే ప్రైమర్. గుండు మందుని ఆనుకునే దాకా గజంతో, అంటే దట్టించే కడ్డీతో, నొక్కాలి. మధ్యలో ఖాళీ మిగిలితే ఆ గొట్టం కూడా పగలొచ్చు. అందుకే గజం మీద రెండు గీతలు గీసుకోండి: గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, సరిగ్గా దట్టించినప్పుడు ఒకటి. చీకట్లో కూడా లోపల ఏముందో ఆ గీతలే చెబుతాయి. ట్రిగ్గర్ నొక్కితే పేలకపోతే, మూతి సురక్షితమైన వైపే ఉంచి ఒక నిమిషం కదలకుండా ఆగండి. ఆలస్యంగా పేలడం ఈ తుపాకీలకి కొత్త కాదు.

మే నుంచి సెప్టెంబరు దాకా ప్రతి నెలా రేంజికి వెళ్లండి. 50 గజాల దగ్గర మొదలుపెట్టి 75, తర్వాత 100. బల్ల మీద ఆనించి కొట్టడం సైట్లు సరిచేసుకోవడానికే. తర్వాత మోకాలి మీద, కూర్చుని, కర్రల మీద ఆనించి కొట్టాలి. భోజనం ప్లేటంత గుండ్రంలో వరుసగా ఐదు గుండ్లు పడే దూరం ఎంతో, అడవిలో మీ హద్దు అంతే. నాది 80 గజాలు. దానికి సిగ్గుపడను.

విమానంలో వచ్చేవాళ్లకి ఒక హెచ్చరిక: మందు, ప్రైమర్లు చెక్-ఇన్ బ్యాగులో కూడా తీసుకెళ్లకూడదు. దిగాక కొనుక్కోండి, అదీ ముందే షాపుకి ఫోన్ చేసి. సెప్టెంబరులో పొడి మందు దొరకడం అంత తేలిక కాదు.

ఒళ్లు, సామాను

హైదరాబాద్ ఎత్తు 550 మీటర్లకు అటూ ఇటూ, ఎల్క్ తిరిగే చోటు 3,000 మీటర్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరినవాళ్లు కూడా ఇక్కడ నూరు అడుగులకే ఆగి రొప్పుతారు. జూన్ నుంచి వీపు మీద 20 కిలోల బియ్యం బస్తా కట్టుకుని మెట్లెక్కడం దిగడం చేయండి. దిగడం ముఖ్యం, మోకాళ్లు పోయేది అక్కడే. సీజన్‌కి రెండు రోజులు ముందే చేరుకుని, నీళ్లు బాగా తాగుతూ, నెమ్మదిగా తిరగండి. తలనొప్పి, వాంతులు తగ్గకపోతే పట్టుదలకు పోకుండా కిందికి దిగిపోవాలి.

టెంట్, స్లీపింగ్ బ్యాగ్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను చెప్పను. రాత్రి నీళ్లు గడ్డకట్టొచ్చని మాత్రం గుర్తుంచుకోండి. తప్పనిసరిగా ఉండాల్సినవి: శాటిలైట్ మెసెంజర్, వాటర్ ఫిల్టర్, రెండు హెడ్‌ల్యాంపులు, మాంసం కోసం గుడ్డ గేమ్ బ్యాగులు, రెండు కత్తులు. కనీసం 500 చదరపు అంగుళాల ఫ్లోరెసెంట్ ఆరెంజ్ లేదా పింక్ బట్టలు, అదే రంగు టోపీ వేసుకోవడం చట్టం. క్యామఫ్లాజ్ డిజైన్ ఉన్న ఆరెంజ్ చెల్లదు. తిండికి మొదటి రెండు రోజులూ పులిహోర, ఆ తర్వాత అటుకులు, పల్లీలు, కారప్పొడి.

ఆ తొమ్మిది రోజులు

సీజన్ సాధారణంగా సెప్టెంబరు రెండో శనివారం మొదలై తొమ్మిది రోజులుంటుంది. ఒక్కోసారి సరిగ్గా వినాయక చవితికి వస్తుంది, ఒక్కోసారి మహాలయ పక్షాల్లో. ఇంట్లో ఆ చర్చ ముందే చేసుకోండి, నా వల్ల కాలేదు.

ఇది వాటి జతకట్టే కాలం. మగవి ఈల లాంటి కేకలు పెడతాయి. చీకటితోనే లేచి విని, అరుపు వచ్చిన వైపు గాలిని చూసుకుంటూ వెళ్లడమే పని. గాలే అన్నిటికంటే ముఖ్యం. తెల్లవారుజామున చల్లగాలి కొండ మీంచి కిందికి జారుతుంది, ఎండెక్కాక కింది నుంచి పైకి లేస్తుంది, సాయంత్రం మళ్లీ దిగుతుంది. పొద్దున్నే పైనుంచి వెళ్లారంటే మీ వాసన మీకంటే ముందు చేరుతుంది. చిన్న సీసాలో టాల్కం పౌడర్ పెట్టుకుని అయిదు నిమిషాలకోసారి చిమ్మి చూడండి. గాలి మీ వైపు నుంచి వాటి వైపు వీస్తుంటే ఎంత దగ్గరున్నా వెనక్కి వచ్చేయండి, లేకపోతే ఆ మంద రేపటికి కొండ అవతల ఉంటుంది.

కొట్టేముందు అది ఎల్కేనని రూఢి చేసుకోండి. కొలరాడోలో మూస్ కూడా ఉన్నాయి, ఏటా ఎవరో ఒకరు పొరబడి కొడుతూనే ఉంటారు. మూస్ నల్లగా, వేలాడే మూతితో ఉంటుంది. ఎల్క్‌కి లేత గోధుమ రంగు ఒళ్లు, ముదురు మెడ, వెనక లేతరంగు మచ్చ. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్చొచ్చు. జంతువు పక్కకి తిరిగి నిలబడినప్పుడు, ముందు భుజం వెనక, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర గురిపెట్టండి. ఎదురుగా గానీ, వెనక నుంచి గానీ వద్దు.

పేల్చాక తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు. అప్పుడు పరిగెత్తకండి. నిలబడిన చోటే మళ్లీ దట్టించి, చెవులు రిక్కించి ఎటు పోయిందో వినండి. అరగంట ఆగి, అది చివర కనబడిన చోట రంగు టేపు కట్టి, రక్తపు చుక్కల వెంట మెల్లగా వెళ్లండి.

మాంసం

పడింది చూసిన సంతోషంలో చేయాల్సిన మొదటి పని ట్యాగ్: సంతకం, తేదీ వేసి రూల్స్ పుస్తకంలో చెప్పినట్టు కట్టాలి. ఆడదో మగదో తెలిపే ఆనవాలు మాంసానికి సహజంగా అంటి ఉండేలా ఒక తొడకి వదిలేయాలి. ఇవి మర్చిపోయి కష్టపడి మోసుకొచ్చాక జరిమానా కట్టినవాళ్లున్నారు.

తర్వాత వేడి. ఎల్క్ తోలు రగ్గు లాంటిది, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. పొట్ట కోయకుండానే ఒక పక్క తోలు ఒలిచి, ముందు జబ్బ, వెనక తొడ, వీపు పట్టీ తీసి, తిప్పి రెండో పక్క అలాగే చేయొచ్చు. లోపలి పట్టీలు చివర్లో పక్కటెముకల కింద నుంచి చెయ్యి పెట్టి తీయాలి. ఇద్దరు కలిసి చేస్తే రెండు గంటలు, ఒక్కరైతే నాలుగు. గేమ్ బ్యాగుల్లో వేసి, నీడలో, గాలి ఆడే కొమ్మకి వేలాడదీయండి. నల్ల ఎలుగులు ఉంటాయి కాబట్టి పేగులకి దూరంగా, వచ్చేటప్పుడు దూరం నుంచే కనబడే చోట కట్టండి. తినదగ్గ మాంసం అడవిలో వదిలేసి రావడం కొలరాడోలో నేరం.

మొదటి మోతలో వీపు పట్టీలు, లోపలి పట్టీలు తీసుకెళ్లండి, కొమ్ములు ఆఖరి మోతకే. కారులో రెండు పెద్ద ఐస్ పెట్టెలు సిద్ధంగా ఉంచుకోండి. ఒక మోతకీ మరో మోతకీ మధ్య తినండి, కాసేపు పడుకోండి. చీకట్లో, అలసటలో కత్తి పట్టుకుని కోసుకున్నవాళ్లే ఎక్కువ.

తలని సీపీడబ్ల్యూ కేంద్రంలో ఇచ్చి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ టెస్ట్ చేయించండి. జింక జాతికి వచ్చే మెదడు జబ్బు అది, మొదట గుర్తించింది కొలరాడోలోనే, 1967లో. పాజిటివ్ వస్తే మాంసం తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్లో మీ పేరు, తేదీ రాసి ఉంచండి, వేరే మాంసంతో కలపకండి.

తుపాకీని మాత్రం రేపటికి వాయిదా వేయకండి. బ్లాక్ పౌడర్ మసి తేమని లాక్కుని గొట్టాన్ని తినేస్తుంది. అలసిపోయి ఉన్నా ఆ రాత్రే వేడినీళ్లు, సబ్బుతో కడిగి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి నూనె రాయండి.

ఇంటికొచ్చాక నారకి అడ్డంగా సన్నగా కోయండి. కొవ్వు తక్కువ కాబట్టి వేపుడు ఎక్కువసేపు ఉంచితే తోలులా అవుతుంది. జబ్బ మాంసం ఖీమాకి, తొడ మాంసం పచ్చడికి బాగుంటుంది. కొంచెం ఉప్పు, పసుపు రాసి ఎండు తునకలు చేసుకోవచ్చు, కొలరాడో పొడి గాలికి మన ఎండల కంటే త్వరగా ఎండుతాయి. అమ్మడం నేరం కానీ పంచిపెట్టడం కాదు. పచ్చడి సీసాలు మాత్రం కాస్త ఎక్కువే కొనుక్కోండి.